రాణి ముఖం అరిగిన కాసు

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి కారణం నాకు రాయడం రాకపోవడమే. మా ఊళ్ళో బడి ఉండేది. తమ్ముళ్ళు వెళ్ళేవాళ్ళు. నేను చెల్లెల్ని చంకనేసుకుని వాళ్ళ వెనకే బడి గుమ్మం దాకా వెళ్ళి, పలకలు అందించి తిరిగొచ్చేదాన్ని. జీడిపిక్కలు ఏరే రోజుల్లో అదీ లేదు. పెళ్ళయ్యాక మా ఆయనకు పోర్టులో పని దొరికి విశాఖపట్నం వచ్చేశాం. ఆయన షిఫ్టులు, పిల్లలు, వంట, అత్త. వీటి మధ్య అక్షరాలు కావాలని అడగడం కూడా నాకు తోచలేదు. మనవలు పెద్దయ్యాక, గోపాలపట్నంలో మా వీధి చివర కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్ళకు సాయంత్రం క్లాసులు పెడితే వెళ్ళి కూర్చున్నాను. పక్కన కూర్చున్నవాళ్ళు బస్సు బోర్డులు చదవాలనేవాళ్ళు. నాకు మాత్రం మా అత్త కాసుల సంగతి రాయాలని ఉండేది. అప్పటికే ఆవిడ లేదు.

మా అత్తకు పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారు కాసులు రెండు ఉండేవి. పాతకాలం రాణి బొమ్మ కాసులు. నేను కాపురానికి వచ్చినప్పుడు ఒకటి నాకిచ్చింది. మా మరిది పెళ్ళయ్యాక రెండోది తోటికోడలికిచ్చింది. ఇద్దరు కోడళ్ళకూ సమానంగా పెట్టానన్నది ఆవిడకు పెద్ద తృప్తి. ఎవరింటికి వెళ్ళినా ఆ మాట ఒకసారి అనకుండా లేచేది కాదు. నా కాసుకు పైన చిన్న కొండి మాటు వేయించి పుస్తెలతాడుకు గుచ్చింది. తోటికోడలిది గోదావరి జిల్లా. తండ్రి ఉద్యోగం కోసం స్టీల్ ప్లాంటుకు వచ్చినవాళ్ళు. ఆమె తన కాసును ప్లాస్టిక్ కవరులో పెట్టి బ్యాంకు లాకరులో దాచేసింది.

శ్రావణమాసం వచ్చిందంటే కాసు కడగడం మా ఇంట్లో ఒక పని. ముందురోజే కుంకుడుకాయలు కొట్టి నానబెట్టాలి. పెరట్లో పీట వేసుకుని అత్త కూర్చునేది, కంచుపళ్ళెం నా ఒళ్ళో. కాసు జారితే మోరీలోకి పోకూడదని పళ్ళెం కింద తువ్వాలు. గోరువెచ్చటి కుంకుడు రసంలో కాసును ముంచి ఉంచి, అటూ ఇటూ ఆడించి, మంచినీళ్ళలో తీసి, పాత నూలుచీర ముక్క మీద బోర్లించాలి. అంతే. చింతపండు పట్టకూడదు, బూడిద తగలకూడదు, బ్రష్షు మాటే ఎత్తకూడదు. ఇత్తడి చెంబులు తోముతుంటే నా వైపు చూసి, నీ చెయ్యి మొరటుది, ఆ చేత్తో కాసు జోలికి రాకు అనేది. తుడిచేటప్పుడు కూడా అద్దాలే గాని రుద్దకూడదు. ఆ పెరడు ఇప్పుడు లేదు, అక్కడ మెట్లు కట్టారు. కుంకుడు నురగ వాసన మాత్రం ఎక్కడ తగిలినా నాకు ఆ పీటా, పళ్ళెమూ కనిపిస్తాయి.

మా మరిది కూతురికి పెళ్ళి కుదిరింది. అప్పటికి అత్తకు చూపు బాగా మందగించి, కాసు కడిగే పని నాకే వదిలేసి చాలా ఏళ్ళయింది. మనిషిని గొంతును బట్టి, వస్తువును వేళ్ళతో తడిమి గుర్తుపట్టేది. పిల్ల పుస్తెలకు అటొకటి ఇటొకటి తన రెండు కాసులూ కట్టించాలని ఆవిడ కోరిక. నాకు ఆడపిల్లలు లేరు, ఆ పిల్లంటే నాకూ ప్రాణం. సరేనన్నాను. తోటికోడలు లాకరు తెరిచి తన కాసు తెచ్చింది. నేను తాడులోంచి నాది తీశాను. రెండూ పక్కపక్కన పెట్టాం.

ఆమెది నిన్న అచ్చు కొట్టినట్టుంది. రాణి జడలో పాయలు లెక్కపెట్టొచ్చు. కాకపోతే ప్లాస్టిక్ కవరు జిగురు అంటుకుని కాస్త మసకబారింది. నాదాంట్లో రాణి నీడలాగా మిగిలింది. నుదురు, ముక్కు, బుగ్గ కలిసిపోయాయి.

తోటికోడలు నవ్వేసింది. "ఏంటక్కా, మీ రాణీగారికి ముక్కేదండీ? పిల్లి గానీ ఎత్తుకుపోయిందా?"

నేనూ నవ్వాను. అత్త నవ్వలేదు. రెండు కాసులూ చేతిలోకి తీసుకుని చాలాసేపు తడిమింది. నాదాన్ని నా వైపు చాపింది.

"ఇది నాను ఇచ్చింది గాదే."

అదే అత్తా, కడగడానికి తప్ప మెడలోంచి ఎప్పుడూ తీయలేదు అన్నాను. ఆవిడ కాసును నా చేతిలో పెట్టేసింది. అమ్ముకున్నావనలేదు, మార్చావనలేదు. అలా అని ఉంటే పోట్లాడేదాన్ని. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఆవిడకు వయసు మీద పడింది. పెద్దకోడలు కాసు మార్చేసిందన్న అనుమానంతోనే కళ్ళు మూస్తే, ఆ తర్వాత నేను ఎవరికి చెప్పుకుని ఏం లాభం? రెండూ కరిగించి కొత్తవి చేయించేస్తే గొడవ వదిలిపోతుందన్నారు మా ఆయన. కరిగించాక ఇక నా మాటకు ఆధారం ఏముంటుందని నేను ఆయన మీద విరుచుకుపడ్డాను.

తోటికోడలు ద్వారకా నగర్‌లో పెద్ద షాపుకు వెళదామంది. అక్కడ మిషన్‌లో పెట్టి చెబుతారట. అత్త ఒప్పుకోలేదు. గోపాలపట్నం మార్కెట్లో మాకు తెలిసిన ఆచారి దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళాం. ఆయన ముందు కాసును రాతి పలక మీద పడేసి మోత విన్నాడు. తూచాడు. తర్వాత భూతద్దం కంటికి పెట్టుకుని అంచు చుట్టూ తిప్పి చూశాడు. పోత పోసిన దొంగకాసుకు అంచు గీతలు మొద్దుగా, ఒళ్ళు గరుకుగా ఉంటాయట, దీనికి అలా లేదన్నాడు. ఆకురాయి పెట్టి బంగారం గీకేవాళ్ళు కూడా ఉంటారట, వాళ్ళు గీకితే సన్నటి గీతలు కనబడతాయి, అవీ లేవన్నాడు. తూకం కాస్త తగ్గింది గాని ఏదో మెత్తటిది చాలాకాలం రాసుకుని రాసుకుని అరిగిందని తేల్చాడు.

"మంచి కాసే పెద్దమ్మా. బెంగెట్టుకోకు."

"బంగారమా కాదా అని నాను అడగలేదు. నాదా కాదా అని."

"అది నానెలా సెప్పగలను? ఒక్క అచ్చు మీద ఇలాటివి ఎన్ని కొట్టారో."

మా ముఖాలు చూసి ఆయనే ఒక దారి చెప్పాడు. రెండింటినీ ద్రావకంలో ముంచి మెరుగు పెట్టేస్తే, పెళ్ళిలో దూరం నుంచి చూసేవాళ్ళకు తేడా తెలియదట. తోటికోడలికి ఆ మాట నచ్చింది. నేను వద్దన్నాను. మెరుగు పెడితే ఆ మిగిలిన నీడ కూడా పోతుంది. అరిగింది అరిగినట్టే ఉండనివ్వమని కాసును కొంగున ముడి వేసుకున్నాను. అత్త నా వైపు తల తిప్పింది.

ఇంటికొచ్చాక ఆవిడ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. నేను దీపం పెట్టి వస్తుంటే పిలిచింది. కాసు తెమ్మంది.

"రోజూ తానం సేసొచ్చి పసుపెలా రాత్తావే దీనికి? సూపించు."

ఆవిడ నేర్పిందే. సానమీద అరగదీసిన పసుపుకొమ్ము గంధం, పొట్లం పసుపు కాదు. ముందు పుస్తెలకు, తర్వాత కాసుకు బొటనవేలితో రాసి, కళ్ళకద్దుకోవాలి. కాసు మెడలో పడిన మర్నాటి నుంచి ఒక్కరోజు మానలేదు. వేలు కాసు మీద పెట్టి, గడ్డం దగ్గర నుంచి నుదుటి మీదికి ఏటవాలుగా లాగి చూపించాను. ఆవిడ నా బొటనవేలిని తన చేతిలోకి తీసుకుని, అలాగే ఇంకోసారి లాగించింది. ఆ తర్వాత నా వేలు తీసేసి, అదే దారిలో తన వేలు మెల్లగా జరిపింది. నుదుటి దగ్గర పల్లంలోకి వెళ్ళి ఆగింది.

చింతపండు నుంచి, బూడిద నుంచి, బ్రష్షు నుంచి, నా మొరటుచేతుల నుంచి ఆవిడ ఆ కాసును కాపాడుకుంటూ వచ్చింది. పసుపు రాయడాన్ని రుద్దడంగా ఆవిడా ఎంచలేదు, నేనూ ఎంచలేదు. సానరాయి సన్నపొడి ఆ పసుపులో కలిసి ఉంటుందనీ మా ఇద్దరికీ తట్టలేదు.

"నానే గదే సెప్పినాను, రోజూ రాయమని," అంది.

"అవునత్తా."

"నీకు సెప్పడమేటి, నువ్వు మానకుండా సెయ్యడమేటి. రాణిని అరగదీసి పారేశావు గదే." నవ్వుతోంది. కళ్ళు మాత్రం కొంగుతో తుడుచుకుంటోంది. కాసేపటికి తోటికోడలిని కేకేసి, మెరుగూ గిరుగూ పెట్టించొద్దని చెప్పింది. "రెండూ కట్టండి. ఒకటి అరిగిపోయిందేటని ఎవులైనా అడిగితే, మా పెద్దకోడలు రోజూ పసుపు రాసిందని సెప్పండి."

నా తోటికోడలు ఊరుకునే మనిషి కాదు. "అయితే నేను రాయలేదని కూడా చెప్పాలాండీ అత్తయ్యగారూ?" అంది.

"నీదాన్ని సూత్తేనే తెలుత్తాది లేవే," అంది అత్త. ముగ్గురం నవ్వాం. ఆ రాత్రి నేను కడుపునిండా తిన్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్ళలో వేశాను. కంచుపళ్ళెం కింద తువ్వాలు పరిచి రెండు కాసులూ రసంలో వదిలాను. లాకరు కాసు జిగురు ఒక పట్టాన వదల్లేదు. రుద్దకుండా రసం మార్చి మార్చి నానబెట్టాను. అది తేటపడ్డాక రెండింటినీ మంచినీళ్ళలో తీసి, నూలుగుడ్డ మీద బోర్లించి అద్దాను. నా కాసు కొండి కింద ఏళ్ళ తరబడి చేరి గట్టిపడ్డ పసుపు ఉంది. తోటికోడలు పిన్నీసు తెచ్చిస్తానంది. అక్కర్లేదని చెప్పి, దాన్ని అలాగే ఉంచి, రెండు కాసులనూ తీసుకెళ్ళి అత్త చేతిలో పెట్టాను.