స్పీకర్‌లో మరదలు

వాయిస్ మెసేజ్‌లు పంపొద్దని వాడికి ఎన్నిసార్లు చెప్పానో. వినడు. ఇంగ్లండ్‌లో పొలాల మధ్య ఏదో పల్లెలో స్థిరపడ్డాక భయమంటే ఏమిటో మర్చిపోయాడు. కరోనా తగ్గిన ఏడాది నన్ను దుబాయ్‌లో ఈ సత్వా పేటలో వదిలి వెళ్ళాడు. విమానం ఎక్కే ముందు ఒక్క ఫోన్ కూడా చేయలేదు. నేను అది మర్చిపోలేదు.

మేమిద్దరం ప్రేమించుకున్నామని ఇక్కడ తెలిస్తే ఉద్యోగం, వీసా పోతాయి. పోలీసుల దాకా కూడా వెళ్ళొచ్చు. అందుకే మాలాంటి మగవాళ్ళం ఒకరి నంబరు ఒకరం ఆడవాళ్ళ వరస పేరుతో దాచుకుంటాం. నా ఫోన్లో వాడు 'మరదలు'. గదిలో ఆరుగురం. నా పైమంచం మీద పడుకునే జగిత్యాల అతను రోజూ ఆటపట్టించేవాడు: "అన్నా, మరదలు యాది చేస్తున్నది. జల్ది పెండ్లి చేస్కో." నా పప్పును అందరి ముందూ గిన్నె కడిగిన నీళ్ళన్నదీ ఇతనే.

ఒక ఆదివారం వంట వంతు నాది. పొద్దున గదిలోని బ్లూటూత్ స్పీకర్‌లో పాటలు పెట్టి, ఆపేశాను గానీ ఫోనును దాన్నుంచి విడదీయలేదు. అతనే ఫోను వంటింట్లోకి తెచ్చి, "అన్నా, మరదలు!" అని నా చెవిలో చెప్పి ఇచ్చాడు. మెసేజ్ నొక్కి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. వాడి గొంతు గదిలోని స్పీకర్‌లోంచి వినిపించింది.

"ఒరేయ్, ఇక్కడ ఊరి హాల్లో మనలాంటివాళ్ళు నెలనెలా కలుస్తారు. ఇద్దరు తాతలు గొర్రెలు కాసుకుంటూ, జీవితమంతా అన్నదమ్ములమని చెప్పుకుని కలిసి బతికారట. ఇప్పుడు అలాంటివాళ్ళ కథలు రికార్డు చేస్తున్నారు. మన కథ కూడా చెప్పనా?"

గదిలోంచి ఒకడు అడిగాడు: "ఎవడ్రా అది?"

"నా ఫోనే," అన్నాడు జగిత్యాల అతను, వంటింటి గుమ్మంలోంచి. "మా ఊరి పోరగాడు లండన్ల ఉన్నడు."

"మీ కథేందిరా?"

"గొర్ల కథ. మా తాత గొర్లు కాసినోడే గదా. ఖలాస్, బువ్వకు లేవుండ్రి."

అందరూ నవ్వారు. అతను మాత్రం నా వైపు చూడలేదు.

నన్ను కాపాడాడో, గుప్పెట్లో పెట్టుకున్నాడో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి మరదలి ఊసెత్తడు. మెసేజ్ వస్తే నా ఫోను చప్పుడు చేయకుండా బోర్లా పెడతాడు. అతను ఎందుకు మానేశాడని మిగతావాళ్ళకు అనుమానం వస్తే? రేపు నామీద కోపమొస్తే?

నిన్న మళ్ళీ పప్పు వండాను. నాకే నీళ్ళగా అనిపించింది. అతను తలవంచుకుని తిని, పళ్ళెం కడుక్కుని వెళ్ళిపోయాడు. ఒక్క మాట తిట్టినా నాకు నిద్ర పట్టేది.