నివెస్ గోడోలి కారు కొండ ఎక్కిన వైనం

లమోనె లోయలో రోడ్డు పక్కన కొట్టు పెట్టుకుని, పియాదీనా రొట్టెలు కాల్చి అమ్ముతూ అరవయ్యో పడిలోకి వచ్చిన నివెస్ గోడోలి, ఆ కొట్టును మేనకోడలికి అప్పగించిన ఏడాదే ఒక కారు కొన్నది. అది పైకప్పును మడిచి వెనక్కి తోసుకునే పాత రెండు సీట్ల కారు. టురిన్‌లో తయారై, ఓడెక్కి అమెరికా వెళ్లి, అక్కడ పాతికేళ్లు కాపురం చేసి, రంగు వెలిసిన ఒంటితో తిరిగి పుట్టింటికి చేరినది. అంతవరకు నివెస్ నడిపినదల్లా పిండి బస్తాలు మోసే వ్యాను ఒక్కటే. అయినప్పటికీ, గ్యాసు పొయ్యిని తన చేతులతో విప్పి బిగించుకున్న మనిషి కనుక, నిప్పూ నీళ్లూ నడిచే దారులు ఏ యంత్రంలోనైనా ఒకటేనని ఆమెకు గట్టి నమ్మకం ఉండేది.

కారు పెట్టిన షెడ్డు మాత్రం ఆమె ఒక్కతెది కాదు. తండ్రి పోయిన తరువాత అది ఆమెకూ, ఆ లోయలోనే బస్సు నడిపే తమ్ముడు లోరిస్‌కూ ఉమ్మడిగా సంక్రమించినది. అతడు తన ద్రాక్షతోట ట్రాక్టరును అందులో పెట్టుకోదలచాడు. వేసవిలో కారు రెండుసార్లు నడిరోడ్డు మీద ఆవిరి కక్కి నిలిచిపోవడంతో అతడికి మాట దొరికింది.

"చూడక్కా, మర్రాదిలో చెస్ట్‌నట్ సంత జరిగే ఆదివారం మనిద్దరం దీంట్లో కూర్చుని కొల్లా కనుమ దాకా ఎక్కుదాం. నీళ్లు మరగకుండా ఎక్కిందా, షెడ్డు నీ కారుదే. మరిగిందా, బొలోన్యాలో ఒకాయన కొంటానని కాచుకుని ఉన్నాడు, ఇచ్చేద్దాం. సరేనా?"

"సరే. ఆ రోజు చలికోటు తెచ్చుకో. కప్పు తీసే నడుపుతా" అన్నది నివెస్.

ఆ నెలంతా ఆమె షెడ్డులోనే గడిపింది. చిరిగిన పైకప్పుకు మైనం పూసిన దారంతో తానే కుట్లు వేసింది. నీటి పంపును మార్చింది, రబ్బరు గొట్టాలు కొత్తవి బిగించింది, రేడియేటరును విప్పి లోపలి తుప్పు కడిగింది. పనిముట్లను వీధి చివరి గ్యారేజీ యజమాని, వయసులో పెద్దవాడైన ఓరియానో అరువిచ్చాడు. సలహాలను మాత్రం అడగకుండానే ఇచ్చాడు. అందులో ఒకటి ఆమె శ్రద్ధగా పాటించింది: కొత్తనీళ్లు పోసేటప్పుడు కారులోని హీటరు మీటను వేడి వైపుకు జరిపి ఉంచాలి, లేకుంటే గొట్టాలలో గాలి చిక్కుకుని నీటి దారికి అడ్డుపడుతుంది. నివెస్ అక్షరం చూసి మరీ మీటను జరిపి, నిదానంగా నీళ్లు పోసింది.

అయినా పరీక్షగా నడిపినప్పుడు, చిన్న చడావు ఎక్కేసరికే ఇంజను వేడి చూపే ముల్లు పైకి పాకింది. ఆమె కారును గ్యారేజీ ముందుకు తెచ్చి ఆపింది. పక్క బారులో పేకాడుతున్న ముసలివాళ్లు ముక్కలు బల్ల మీద పెట్టి మరీ చూశారు.

"ఏమ్మా నివెస్, రొట్టెలు ఆ బానెట్ మీదే కాల్చెయ్యరాదూ, గ్యాసు మిగులుద్ది!"

"నీకు పెట్టేది మాత్రం మాడ్చే పెడతాలే తాతా. ముక్క చూసుకో, నీ జతగాడు తొంగి చూస్తున్నాడు."

ఓరియానో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అమ్మాయ్, ఇది నూనెలో నీళ్లు కలవకుండా ఆపే గాస్కెట్ పోయిన లక్షణమే. ఇంజను తల విప్పాల్సిందే."

"నూనెలో నీళ్లు కలిస్తే పాలమీగడలా అవుద్దని నువ్వే కదా బాబాయ్ చెప్పింది? నూనె చూశా, శుభ్రంగా ఉంది. పొగ కూడా తెల్లగా లేదు. దీని తల బాగానే ఉంది, వదిలెయ్."

"నీ తలే గట్టిది" అని నవ్వి అతడు లోపలికి వెళ్లిపోయాడు.

ఆదివారం రానే వచ్చింది. లోరిస్ ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని పక్క సీటులో కూర్చున్నాడు. మర్రాది దాకా దారి దాదాపు చదును. సంతలో జనం కారును చూసి చేతులూపారు, కాల్చిన చెస్ట్‌నట్ల పొట్లం ఒకటి ఎవరో లోరిస్ ఒడిలోకి విసిరారు. ఊరు దాటి కనుమ దారి మొదలు కాగానే వేడిముల్లు కదిలింది. మలుపు మలుపుకూ కొంచెం కొంచెంగా ఎర్రగీత వైపు జరగసాగింది.

"పాపం, కారు తీసుకెళ్లడానికి బొలోన్యా ఆయన మధ్యాహ్నం భోజనం తొందరగా ముగించుకోవాలేమో" అన్నాడు లోరిస్, చెస్ట్‌నట్ ఒలుస్తూ.

"నోట్లో ఉన్నది నమిలి మాట్లాడరా."

ఇంజను వేడెక్కినప్పుడు హీటరును తెరిస్తే, ఆ వేడి కొంత మనుషుల కాళ్ల మీదికి వచ్చి ఇంజనుకు ఊపిరి దొరుకుతుంది. ఈ ఉపాయం ఆ లోయలో అందరికీ తెలుసు. నివెస్ మీటను 'సి' అక్షరం వైపుకు కొస దాకా నెట్టింది. కాల్దో అంటే వాళ్ల భాషలో వేడి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె తిప్పిన ప్రతి కొళాయి మీదా వేడినీళ్లకు గుర్తు ఆ అక్షరమే.

ముల్లు ఆగలేదు. కానీ నివెస్ ముల్లును చూడడం మానింది. ఆమె ధ్యాస కాళ్ల మీదికి పోయింది. పాదాల మీద తగులుతున్న గాలి కొండగాలి లాగే చల్లగా ఉన్నది. ఇంజను అంత వేడిగా ఉన్నప్పుడు హీటరు నుంచి చలి ఎలా వస్తుంది? ఎదుట వేగం చూపే గడియారం మైళ్లలో అంకెలు చూపుతున్నది. ఈ కారుకు అక్షరాలు నేర్పినది అమెరికా.

"లోరిస్! ఇంగ్లీషులో చలిని ఏమంటారు?"

"కోల్డ్ అంటారు. ఎందుకూ?"

"దేంతో మొదలవుద్ది?"

లోరిస్ నమలడం ఆపాడు. "సి."

నివెస్ పెద్దగా నవ్వింది. మీటను రెండో కొసకు, 'హెచ్' వైపుకు లాగింది.

"అక్కా, హెచ్చా? మన భాషలో ఆ అక్షరానికి నోరే లేదు కదే, రాయడమే గానీ పలకం!"

"మన భాషలో లేదురా. దీని భాషలో అదే నిప్పు."

గొట్టాలలో గుడగుడమని శబ్దం అయింది. మరుక్షణం కాళ్ల మీదికి పొయ్యి తెరిచినట్లు వేడి తన్నుకొచ్చింది. లోరిస్ మోకాళ్లు పైకి ముడుచుకున్నాడు. ఎర్రగీతకు వెంట్రుకవాసి దూరంలో ముల్లు నిలిచి, నెమ్మదిగా వెనుదిరిగింది. నివెస్ రోడ్డు పక్క రాతి నీటిధార దగ్గర కారు ఆపింది.

"ఆపావు! ఓడిపోయావు!"

"మరిగిందా? ఆవిరి కనబడిందా? ఆపకూడదని నువ్వు అనలేదు. నేను నెల్లాళ్లుగా హీటరు దారి మూసిపెట్టి నీళ్లు పోశాను. గాలి లోపలే చిక్కుకుంది. అదిప్పుడు కదిలింది. దాని చోట నీళ్లు పోయాలి. ఆ సీసా నింపుకుని రా."

"బస్సువాణ్ని పట్టుకుని నీళ్లు మొయ్యమంటావా!"

"చెస్ట్‌నట్లు తిన్న చేతులేగా, ఎలాగూ కడుక్కోవాలి."

ఇంజను చల్లబడేదాకా ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఆ తరువాత నివెస్ మూత మీద గుడ్డ వేసి నిదానంగా తిప్పి, మీట 'హెచ్' వైపే ఉన్నదని మరొకసారి చూసుకుని, నీళ్లు పోసింది. బుడగలు ఒకదాని వెంట ఒకటి పైకి వచ్చి పగిలాయి. అవి ఆగేదాకా ఆమె అక్కడి నుంచి కదలలేదు.

మిగిలిన చడావంతా ముల్లు నడిమధ్యన మేకు కొట్టినట్లు నిలిచింది. నిటారు మలుపుల్లో కూడా చలించలేదు. కొల్లా కనుమ మీద కారు ఆగగానే లోరిస్ దిగి, బస్సు డ్రైవరుకు అలవాటైన పద్ధతిలో అరచేతిని బానెట్ మీద మోపి, చక్రాల కింద వంగి చూసి, అక్కడి బారులోకి నడిచాడు. నివెస్ వెనకాలే వెళ్లేసరికి అతడు టెలిఫోను పట్టుకుని ఉన్నాడు.

"అమ్మడం లేదండీ… కాదు కాదు, బాగానే ఎక్కింది. మేం బాగుచేసుకున్నాం."

"మేమంటే ఎవరూ?" అన్నది నివెస్.

లోరిస్ టోపీ తీసి, గొంతు సవరించుకున్నాడు.

"మా అక్క బాగుచేసిందండీ" అని, ఫోను పెట్టేసి, ఇద్దరికీ కాఫీ చెప్పాడు.