నల్లవ్వ తొక్కిన నిమ్మకాయ

ఆ రోజుల్లో నాకు పట్టుదల ఎక్కువ, బుర్ర తక్కువ. కాజీపేట లోకోషెడ్డులో ఖలాసీగా కొత్తగా చేరాను. డీజిల్ బండ్లు వచ్చి బొగ్గు ఇంజన్లను పక్కకు నెట్టేస్తున్న కాలం. షెడ్డు వెనక, గడ్డి మొలిచిన చివరి లైనులో అవి వరుసగా నిలబడి తుప్పు పడుతుండేవి. అన్నిటికంటే ముందున్నది మా మేనమామది. (రైల్వేది అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు.) దానికి నల్లవ్వ అని పేరు పెట్టుకుని ఏళ్ల తరబడి నడిపిన డ్రైవరు ఆయన. ఆయన కూతురిని నాకు చేయాలని మా అమ్మ కోరిక. నాది అంతకంటే పెద్ద కోరిక. ఆ మాట ఎత్తితే చాలు, మామ బీడీ ముట్టించి లేచిపోయేవాడు.

దసరాకు ప్రతి ఇంజనుకూ పూజ చేసి, చక్రం కింద పెట్టిన నిమ్మకాయను తొక్కిస్తూ బండిని కాస్త ముందుకు నడపడం మా షెడ్డు ఆనవాయితీ. ఆ ఏడు మామ నల్లవ్వకూ పూజ చేయాలన్నాడు. నిప్పు లేని ఇంజను నిమ్మకాయనెట్ల తొక్కుతదని మేస్త్రి నవ్వాడు. మామ ముఖం చిన్నబోయింది. నేను తొక్కిస్తానని అందరి ముందూ అనేశాను. మామ నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"జానెడు కదిలియ్యిరా అల్లుడా. అప్పుడు నా బిడ్డ ముచ్చట మాట్లాడుదాం."

ఆ సాయంత్రమే చేయవలసిన పనులన్నీ డైరీలో వరుసగా రాసుకున్నాను (ఆ జబ్బు అప్పటికే ఉంది). రోజూ డ్యూటీ దిగాక ఇరుసులకు నూనె పోశాను, పట్టాల తుప్పు గీకాను, చక్రాల మధ్య గడ్డి పీకాను. పండుగ పొద్దున బంతిపూల దండ వేసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ సర్ది, తోటి ఖలాసీలతో కలిసి చక్రాల వెనక గడ్డపారలు దూర్చి ఎత్తాం. నల్లవ్వ కదల్లేదు. చొక్కాలు విప్పి మళ్లీ ఎత్తాం. డీజిల్ వాళ్లు తమ పూజలు ముగించుకుని, పులిహోర తింటూ మా తమాషా చూడటానికి వచ్చారు. జర పైలం, పట్టాలు విరుగుతయని మేస్త్రి ఎకసెక్కమాడాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. తోటివాళ్లు కూలబడ్డారు. నేను కూర్చోలేదు, కూర్చుంటే పిల్ల పోతుంది.

చివరకు మామ ఇంజను చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"చేతి బ్రేకు తీసినవారా?"

నా డైరీలో గడ్డి పీకడం కూడా ఉంది గానీ, బ్రేకు లేదు.

"నేనే బిగిచ్చిన," అన్నాడు మెల్లగా. "ఆఖరి దినం. ఎవ్వడు కదిలియ్యొద్దని."

పైకెక్కి తనే బ్రేకు వదిలాడు. కింద మేమంతా మళ్లీ బలం పెట్టాం. మేస్త్రి కూడా పులిహోర చేతులతోనే వచ్చి ఒక గడ్డపార పట్టాడు. నల్లవ్వ మూలిగింది, కదిలింది, నిమ్మకాయ చితికింది. నడిచింది జానెడే అయినా, మామ ఎప్పటిలాగే తల బయటపెట్టి ముందున్న దారి చూశాడు. తర్వాత బ్రేకు బిగించి, దిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను పిల్ల మాట ఎత్తాను. ఆయన బీడీ ముట్టించలేదు.

ఇప్పుడు మట్టెవాడలో మా వాకిట్లో నా పాత స్కూటరు ఉంది. స్టార్టయి చాలా కాలమైంది. అమ్మెయ్యమని అందరూ అంటారు, నేను వినను. మొన్న దసరాకు దానికి దండ వేసి, నిమ్మకాయ పెట్టి నెట్టాను. కదల్లేదు. ఆయాసం తీర్చుకుని మళ్లీ నెట్టాను. మామ కూతురు గడపలో నిలబడి అంతా చూసి, తాపీగా అడిగింది.

"గేరు తీసినవా బావా?"

తీశాక ఆమె కూడా వెనక నుంచి ఒక చెయ్యి వేసింది. ఆ రోజు డైరీలో మాత్రం, స్కూటరు నిమ్మకాయ తొక్కిందని రాసి ఊరుకున్నాను.