వెర్లిన్ ముప్పై సెకన్లు

వెర్లిన్ థోర్సన్ నోట్లో నువ్వుగింజ నానదు. అయోవాలోని నార్డల్ ఊళ్లో ఈ సంగతి తెలియనిది అప్పుడే పుట్టిన దూడలకే. ఆట గెలిచినా, ఓడినా, వడగళ్లు పడబోతున్నా, టీవీ క్విజ్‌లో ఎవరికో కారు వచ్చినా, ఆ కబురు ఆయన గొంతు దాటి, కిటికీ దాటి, కంచె దాటి పక్కింటి ఆర్డిస్ చెవిలో పడాల్సిందే.

ఆర్డిస్ ఇల్లు ధాన్యం నిలవచేసే కాంక్రీటు బురుజుల వెనక పల్లంలో ఉంది. అక్కడ యాంటెన్నాకి హోరు తప్ప ఏమీ అందదు. వెర్లిన్ మూడుసార్లు ఆమె కప్పెక్కి, మూడుసార్లూ ఆ బురుజుల్ని తిట్టి దిగాడు. ఇంతలో కేబుల్ వాళ్లకీ స్థానిక చానెల్‌కీ తగాదా వచ్చి ఆ చానెల్ కాస్తా కేబుల్లోంచి మాయమైంది. వెర్లిన్‌కి పట్టుదల పెరిగింది. అరచేతిలో పట్టే ఒక పెట్టె తెచ్చి తన యాంటెన్నాకి తగిలించాడు. తన కప్పు మీద గాల్లో దొరికిన బొమ్మని ఆ పెట్టె ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తుంది. ఆర్డిస్ టీవీకి గుచ్చిన, పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పుల్ల దాన్ని అందుకుంటుంది.

"నా యాంటెన్నా, నీ టీవీ!" అన్నాడు ఛాతీ విరుచుకుని. ఆర్డిస్ సంతోషించి పళ్లెం నిండా దాల్చినచెక్క బన్నులు పెట్టింది.

చిక్కల్లా ఒకటే. వెర్లిన్ టీవీకి యాంటెన్నా వైరు నేరుగా వస్తుంది. ఆర్డిస్‌కి మాత్రం అదే బొమ్మ ఊరంతా తిరిగి ముప్పై సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఇక్కడ క్విజ్‌లో ప్రశ్న పూర్తి కాకముందే అటునుంచి "ఉల్లిపాయ! ఉల్లిపాయ!" అని కేక వినిపించేది.

"నోరు మూసుకుని చూడలేవా?" అంది ఆర్డిస్ ఒకరోజు కంచె దగ్గర.

"నేను చూస్తాను. నోరే ఊరుకోదు."

"నీకు ముందొస్తోంది, నాకింకా రాలేదు. ఆ మాత్రం తెలీదూ?"

"అందుకేగా చెప్పేది, నీకు ఆలస్యమవుతోందని!"

ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో ఊళ్లో కొందరు చక్కెర మానేశారు, కొందరు కాఫీ మానేశారు. వెర్లిన్ చర్చిలో అందరి ముందూ నిలబడి అరుపులు మానేస్తున్నానన్నాడు. ఉపవాసాలు బుధవారం మొదలయ్యాయి. ఆయన మౌనం గురువారం దాకా నిలిచింది.

ఆ శీతాకాలంలోనే ఆర్డిస్ మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆమె మనవరాలు బ్రిట్ ఆడే నార్డల్ బడి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు రాష్ట్ర ఫైనల్‌కి చేరింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఇదే మొదటిసారి. శనివారం పొద్దున్నే ఊరు ఊరంతా బస్సులెక్కి ఆట జరిగే డెమోయిన్ పోయింది. ఊరి చివర ఎవరో బోర్డు కూడా పెట్టారు: 'ఆఖరున వెళ్లేవారు లైట్లార్పండి.' మిగిలింది ఆర్డిస్, ఆమెకి సాయంగా వచ్చిన ఆడపడుచు మేవిస్, కంచె అవతల వెర్లిన్.

ఆయన కారు కదలకపోవడం చూసి ఆర్డిస్ గుండె జారిపోయింది.

"నువ్వెళ్లలేదేం?" అని కిటికీలోంచి అడిగింది.

"గుంపంటే నాకు పడదు" అన్నాడు, నలుగురు చేరిన చోటు ఏనాడూ వదలని మనిషి.

"చూడు వెర్లిన్. పశువుల కొట్టం గోడకి బుట్ట కొట్టి బ్రిట్‌కి బంతి వెయ్యడం నేర్పింది నేను. అది వేసే ప్రతి బంతీ నా కళ్లతో చూడాలి. ముందే నీ నోట విన్నానో, ఈ జన్మలో నీకు బన్ను పెట్టను."

"అరవను. ఒట్టు."

"గురువారం దాకానా?" అంది మేవిస్.

ఆట మొదలైంది. కంచె అవతల చీమ చిటుక్కుమనలేదు. సగం ఆట అయ్యేసరికి "వదినా, మనిషి బతికే ఉన్నాడంటావా?" అంది మేవిస్. ఆఖరికి ఎనిమిది సెకన్లు మిగిలాయి. నార్డల్ ఒక్క పాయింటు వెనక ఉంది. బంతి బ్రిట్ చేతిలో ఉంది. ఆర్డిస్ కళ్లు టీవీ మీదున్నా చెవులు కంచె మీదే ఉన్నాయి. అటునుంచి చప్పుడే లేదు.

"ఓడిపోయాం మేవిస్."

"ఇంకా అవలేదుగా!"

"వాడికి అయిపోయిందే! గెలిచుంటే ఆ నోరు ఆగేదా? ఊరంతా ఎగిరిపడేట్టు అరిచుండడూ?" అని ఆర్డిస్ ఏడుపు మింగుకుంది. చేతిగుడ్డలో మొహం పెట్టుకోబోతుంటే మేవిస్ ఆ గుడ్డ లాగేసింది.

బ్రిట్ బంతి వేసింది. అది ఇనపరింగు చుట్టూ ఒకసారి తిరిగి, తటపటాయించి, లోపల పడింది. తుంటి సంగతి మరిచిపోయి ఆర్డిస్ కెవ్వున కేకేసింది. సరిగ్గా అదే క్షణాన కంచె అవతల మరో కేక లేచింది. బురుజుల మీద పావురాలన్నీ ఒక్కసారి ఎగిరిపోయాయి.

వెర్లిన్ చెప్పులైనా వేసుకోకుండా, మేజోళ్లతో మంచులో పరిగెత్తుకొచ్చాడు. "చూశావా? చూశావా?"

"చూశాను" అంది ఆర్డిస్ కళ్లు తుడుచుకుంటూ. "నువ్వేంటి, ఇవాళ ముప్పై సెకన్లు ఆలస్యం?"

"గాలికి యాంటెన్నా పక్కకి తిరిగినట్టుంది."

"అది తిరిగితే మాకెలా వచ్చిందయ్యా బొమ్మ?" అంది మేవిస్. "ఆ గుప్పిట్లో ఏంటది?"

వెర్లిన్ గుప్పిలి చూసుకున్నాడు. అందులో మూరెడు నల్ల వైరుంది. ఆయన టీవీ వెనకది. ఆట అయ్యేదాకా మళ్లీ తగిలించుకోకుండా అలాగే పట్టుకు కూర్చున్నాడన్నమాట.

"నేనూ నీ టీవీకి ఉన్నలాంటి పుల్లే గుచ్చుకుని నీ దారిలోనే చూశాను" అన్నాడు నేల చూపులు చూస్తూ. "తెలిస్తే నా నోరు ఆగదు ఆర్డిస్. తెలియకపోతే ఏమని అరుస్తాను?"

"మరి డెమోయిన్ ఎందుకు పోలేదు?"

"మధ్యలో ఆ పెట్టె ఆగిపోతే మళ్లీ నొక్కే మనిషి ఉండద్దూ?"

ఆర్డిస్ వంటింటి వైపు చెయ్యి చూపింది. "మేవిస్, బన్నులు తీసుకురా. పళ్లెం నిండా" అంది. ఆయన మీద ఇంత ప్రేమ తనకి ఎప్పుడూ కలగలేదు.

సోమవారం సాయంత్రం క్విజ్ మొదలైంది. వైరు యథాస్థానానికి చేరినట్టుంది, కంచె అవతలనుంచి "గుమ్మడికాయ!" అని కేక వచ్చింది. ఆర్డిస్ ఓపిగ్గా ముప్పై సెకన్లు ఆగింది. తర్వాత కంచె దాటి వినపడేలా గొంతెత్తి ఆశ్చర్యపోయింది.

"అబ్బో, గుమ్మడికాయా!"