కరిగే ఇనుం అసలు పేరు సింహాచలం

నిన్న పొద్దున్నే మన ఊరి గ్రూపులో మెసేజ్ చూశాను. "కరిగే ఇనుం తాత పోయారు."



మెసేజ్ పెట్టిన కుర్రాడి తప్పు లేదు. వాడికి ఆయన అసలు పేరు తెలియదు.

ఆ పేరు పెట్టింది నేను.

ఆయన సింహాచలం. నాకు బావ. మా ఊరి నుంచి కొండ కింద టౌన్లో పెద్దాసుపత్రికి కాంపౌండర్‌గా వెళ్లిన మొదటి మనిషి.

డెబ్బైల చివర్లో మా అమ్మాయి లక్ష్మికి ఎనిమిదేళ్లు. కాఫీ తోటలో గట్టు మీంచి పడి, మోకాలి కింద ఎముక విరిగింది. బావే దగ్గరుండి ఆపరేషన్ చేయించాడు. స్టీలు ప్లేటు, స్క్రూలు వేశారు.

డాక్టరు గారు ఇంగ్లీషులో రెండు మాటలు చెప్పారట. లోపలి కుట్లు కరిగిపోతాయి. ప్లేటు ఏడాదికి తీయించాలి.

బావ రెండూ కలిపేశాడు. "మరి కొయ్యక్కర్నేదు బావా. నోపల ఏసిందంతా అదే కరిగిపోద్ది."

నమ్మాం.

పిల్ల నొప్పని ఏడిస్తే కాలు ఒళ్లో పెట్టుకుని, "కరుగుతున్నాదమ్మా, ఓర్సుకో" అనేవాణ్ని. స్క్రూ తల చర్మం కింద చేతికి తగిలేది. దాని మీద వేలు పెట్టి, నిన్నటికంటే చిన్నదైందని చెప్పేవాణ్ని.

మూడో ఏట చీము పట్టింది. ప్లేటు మీద ఎముక పెరిగిపోతే చెక్కి తీశారు. కాలు రెండు వేళ్లంత పొట్టిదైంది.

ఆ ప్లేటు జేబులో వేసుకుని డుంబ్రిగుడ సంతకి వెళ్లాను. సెలవు మీద వచ్చిన బావ చింతపండు బేరమాడుతున్నాడు. అందరి ముందూ అతని అరచేతిలో పెట్టాను.

"నోట్లో ఎట్టుకో బావా. కరుగుద్దేమో సూడు."

సంతంతా నవ్వింది. తనకి అలాగే వినపడిందని బావ ఏదో చెప్పబోయాడు. ఎవరూ విననివ్వలేదు. ప్లేటు పంచె మడతలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇక పెళ్లిళ్లలో, బస్సులో, ఎక్కడైనా ఆయన కరిగే ఇనుమే. బళ్లో కొడుకునీ అలాగే పిలిచారు. నలభై ఏళ్లు నేనూ నవ్వాను. బాగా నవ్వాను.

నాలుగు రోజుల కిందట విశాఖలో లక్ష్మికి చీలమండ ఆపరేషన్. మెట్ల మీద జారింది. లోపల వేసింది మళ్లీ ఎప్పుడు కోసి తీస్తారమ్మా అని డాక్టరమ్మని అడిగాను.

తీయక్కర్లేదు తాతగారూ, ఇది మెగ్నీషియం స్క్రూ, ఎముక అతుక్కున్నాక ఒంట్లోనే మెల్లిగా కరిగిపోతుంది, ఆ చోట ఎముకే నిండుతుంది అంది.

నా సంతోషం ఎలా రాయను! వార్డంతా జిలేబీ పంచాను. లక్ష్మి చెయ్యి పట్టుకుని ఏడ్చాను. నిన్న చావింట్లో కూర్చున్నా ఆ సంతోషం తగ్గలేదు. ఏం మనిషినో నేను.

"నాన్నా, మావయ్యకి బేగి సెప్పు" అంది లక్ష్మి.

ఫోన్లో కాదు, సంతలోనే, అందరి ముందూ చెబుదామని ఆగాను. నేను ఆ మాట అన్నది అక్కడే కదా.

ఇవాళ సంత. బావ నిన్న పోయాడు.

పాడె ఎత్తే ముందు చెవి దగ్గర వంగి చెప్పాను. "నువ్వన్నదే నిజమైంది బావా. కరుగుద్ది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పేరు గుర్తొచ్చి.

అందుకే ఇక్కడ గ్రూపులో, మీ అందరి ముందూ, బావ ఫోటో పెట్టి రాస్తున్నాను. ఈ ఫోటో కింద దండం పెట్టేవాళ్లు అసలు పేరుతో పెట్టండి.

సింహాచలం బావా, వెళ్లిరా. ఆ పేరు నా దగ్గర వదిలేసి నిమ్మళంగా పడుకో.