తాడు ఆరనివ్వని మా అత్త

పోయిన ఆదివారం పొద్దున మా మేనత్త కన్నుమూసింది. ఎల్బీనగర్ ఇంటికి పరామర్శకు వచ్చిన ఒకాయన "చాలా నెమ్మదైన మనిషండీ" అన్నాడు. ఎవరి గురించి మాట్లాడుతున్నాడా అని చుట్టూ చూశాను. మా అత్త నెమ్మదైన మనిషి కాదు. ఆమెను అలా సాగనంపితే నేను ఊరుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

పోచంపల్లి మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చదివి, చీరలు వదిలేసి తాళ్ల వెంట పడింది. సముద్రం మీద తేలుతూ అలల నుంచి కరెంటు తీసే యంత్రాలుంటాయి. అవి కొట్టుకుపోకుండా అడుగుకు కట్టి ఉంచే లావుపాటి నైలాన్ తాళ్లు ఆమె పని. గొలుసైతే అలతో పోట్లాడుతుంది, నైలాన్ కాస్త సాగి మళ్లీ తన చోటికి వస్తుంది. కానీ ఉప్పునీళ్లలో నానిన తాడు మధ్యలో ఆరితే, లోపల ఉప్పు గరుకుగా పేరుకుని పోగుల్ని కోసేస్తుంది. ఆమె షెడ్డులో అలాంటి తాడొకటి నెలల తరబడి తొట్టిలో నానుతూ ఉండేది. మోటారు దాన్ని గుంజి వదులుతూ ఉండేది. తాడు ఆరిందా, పరీక్ష మళ్లీ మొదటికే.

పని అప్పగించిన విశాఖ కంపెనీ వాళ్లది ఎప్పుడూ ఒకటే పాట. "సముద్రం లేని ఊళ్లో ఇదేంటండీ? తేడా వస్తే పని ఇక్కడికి మార్చేస్తాం."

"సముద్రం మీ తాన ఉంటే ఉండనియ్యుండ్రి. తాడు నా తాన ఉన్నది" అనేది అత్త.

ఆ షెడ్డు పక్కింటావిడదే, అత్త అద్దెకు తీసుకుంది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. తెలంగాణ ఉద్యమం వేడెక్కాక అత్తకూ ఆవిడకూ మాటల్లేవు.

ఒక బంద్ రోజు తొట్టి పగిలింది. నేను పాఠాలు చెప్పే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ మూసేయడంతో షెడ్డులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఉప్పు బస్తాలున్నాయి, నీళ్లే లేవు. మోటారు ఆపి ట్యాంకర్‌కు ఫోన్ చేస్తే, అది ఎల్బీనగర్ చౌరస్తాలో ఆగిపోయిందన్నారు. పరుగున వెళ్లాను. రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవాళ్లలో ముందు వరుస ఎవరిదనుకున్నారు? మా అత్తదే.

"అత్తా, తొట్టి పలిగింది. జర జెప్పు, గా ట్యాంకర్ ఒక్కటి ఇడుస్తరు" అన్నాను. పక్కనున్నవాళ్లు అప్పటికే జరుగుతున్నారు.

"కూసోండ్రి!" అని కసిరింది. "అందరి బండ్లు ఆపి నా బండి ఇడిపిచ్చుకుంటనా? శరం గాదా?"

లేచి నాతో నడిచి షెడ్డుకు వచ్చింది. ఎండకు తాడు అప్పుడే అక్కడక్కడా తెల్లబారుతోంది. నాకు ఏడుపొచ్చింది. అత్త గోనెసంచులు తాడు మీద కప్పింది, బకెట్ పట్టుకుని నేరుగా పక్కింటి ఆవరణలోకి వెళ్లి సంపు మూత లేపింది. అడగనైనా అడగలేదు.

పోచంపల్లిలో మగ్గానికెక్కించే ముందు పడుగును, అంటే నిలువు పోగుల్ని, గంజి పెట్టి వీధిలో చాపి, ఆరేలోపు దువ్వుతారు. ఆ కాసేపు పగవాడైనా వచ్చి చెయ్యేస్తాడు, ఎవరూ ఎవరినీ అడగరు. "పడుగు బజార్ల ఉన్నంతసేపు పంచాయితి ఇంట్లనే ఉండాలె" అనేది అత్త. ఈ సంగతి గుంటూరు ఆవిడకేం తెలుసు?

"ఏమండీ! అడగాలని కూడా తెలీదా?" అంటూ ఆవిడ ఊగిపోతూ వచ్చింది.

"తాడు ఆరుతాంది వదినా. అడిగే టైమేడిది?"

"ఆరితే ఏమవుద్ది?"

"పని మీ వైజాగ్ పోతది."

"పోనీండి, మావాళ్లేగా!"

"గీ తాడైతే సస్తది. ఇన్ని నెలలు నీ గోడ పక్కనే గుంజుకున్నది."

ఆవిడ షెడ్డులోకి వచ్చి తాడును చేత్తో తడిమి చూసింది. తర్వాత కొంగు దోపి ఇంకో బకెట్ ముంచింది. "రాష్ట్రం ముక్కలవ్వాలి, తాడు మాత్రం తెగకూడదా?"

"రాష్ట్రం తీస్కుంటం. తాడు తెగనియ్యం."

"ఎవరిస్తారంట?"

"ఇయ్యకున్నా తీస్కుంటం. ఆడ ఆరింది సూడు, పొయ్యి."

నేను ఉప్పు కలుపుతూ ఉన్నాను. రోడ్డు తెరిచి ట్యాంకర్ వచ్చేదాకా ఇద్దరూ తాడుకు చెరోవైపు నిలబడి, మోకాళ్ల దాకా తడిసిన చీరల్లో, గొంతులు బొంగురుపోయేలా పోట్లాడుకుంటూ నీళ్లు పోస్తూనే ఉన్నారు. ఎవరి వైపూ తాడు ఆరలేదు.