మూడో అంతస్తు సైన్స్ సారు

మా సైన్స్ సారు పోయారని యాదగిరి ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను మేడ్చల్ దగ్గరి మందుల ఫ్యాక్టరీలో, ల్యాబు డ్యూటీలో ఉన్నాను. యాదగిరి, నేను ఒకే తరగతిలో చదువుకున్నాం. మంచైనా చెడైనా గట్టిగా అరిచి చెప్పడం వాడి అలవాటు. ఆ రోజు మాత్రం మెల్లగా చెప్పాడు. "సుజాతా, సారు పోయిండే. పొద్దున చాయ్ తాగుతనన్నడంట. అమ్మ చాయ్ వట్టుకొని వచ్చేసరికి..." అని ఆగిపోయాడు. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలిచేవాళ్ళం. యాదగిరే మళ్ళీ అన్నాడు. "ఇప్పుడన్న కిందికి తేవాలె గద."

ఆ చివరి మాట ఎందుకన్నాడో తెలియాలంటే సారు గురించి మొదటినుంచి చెప్పాలి.

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్యన ఒక ఊళ్ళో మా సర్కారు బడి. గౌడవెల్లి నుంచి నేను సైకిలు మీద పోయేదాన్ని. సారు కుర్చీలో కూర్చోవడం మేమెవరం చూడలేదు. పాఠం మొదలుపెడితే బెంచీల మధ్య తిరుగుతూనే ఉండేవారు. చొక్కా జేబులో చాక్‌పీసులు, ప్యాంటు జేబులో వేయించిన బఠానీలు. సరైన జవాబు చెప్పినవాళ్ళకు బఠానీలు దొరికేవి, వాటికి ఎప్పుడూ కాస్త సుద్దపొడి అంటుకొని ఉండేది. సెలవు రోజుల్లో దుర్భిణిని పెట్టెలో పెట్టి, బండి వెనక సీటుకు కట్టుకొని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవారు. మా అవ్వ ఆ దుర్భిణిలోంచి చంద్రుణ్ణి చూసి, "గిన్ని గుంతలున్నయేంది సారూ, మా ఊరి రోడ్డు లెక్క!" అంది. ఆ మాట ఆయన ఎన్ని ఊళ్ళలో చెప్పారో లెక్కలేదు.

మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు అంగారకుడి మీద రెండు రోవర్ బండ్లు దిగాయి. మొదటిది దిగిన వార్త వచ్చిన మర్నాడు సారు బోర్డుకు నడిమధ్యన గీత గీశారు. ఒకవైపు 'ఎందుకు బయలుదేరింది?' అని, రెండోవైపు 'ఏం చేతికొచ్చింది?' అని రాశారు. ఆ రోజునుంచి ఆకాశంలోకి పోయిన ప్రతిదాన్నీ ఆ రెండు గడుల్లో పెట్టి చూడటం మాకు ఆటయింది.

ఒకసారి చంద్రుడి మీద దిగుదామని బయలుదేరి, దారిలో ఆక్సిజన్ ట్యాంకు పేలిపోతే, దిగకుండానే చంద్రుణ్ణి చుట్టి వెనక్కి వచ్చిన ముగ్గురు మనుషుల సంగతి చెప్పారు. "చెప్పుండ్రి. పాసా, ఫెయిలా?"

"ఫెయిలే సార్. దిగలే గద!" అన్నాడు యాదగిరి.

"బతికొచ్చిన్రు గద సార్. పాసే," అన్నాను నేను.

ఇద్దరం కొట్టుకునేదాకా పోయాం. సారు ఇద్దరికీ బఠానీలు పెట్టి అన్నారు. "ఇద్దరు చెప్పింది నిజమే. మొదటి గడిల దిగలేదని రాయాలె. రెండో గడిల ముగ్గురు మనుషులని రాయాలె. ఒకటి రాసి ఇంకోటి తుడ్సుడు మాత్రం వద్దు."

చదువులు అయిపోయినా ఆయన మమ్మల్ని వదల్లేదు. మన మొదటి చంద్రయాన్ అనుకున్నకాలం పనిచేయకుండానే మూగబోయిన నెలకు, నీళ్ళ వార్త రాగానే ఫోన్ చేశారు. "సగం దారిల ఆగింది. గాని నీళ్ళ జాడ తెచ్చింది చూడు బిడ్డా." మంగళయాన్ చేరిన రోజు మళ్ళీ ఫోన్. "పోయి చూపియ్యాలె, గదే దీని అసలు గురి. చూపించింది. ఇప్పుడు చెప్పు, చిన్న గురి పెట్టుకొని మొత్తం కొట్టింది గొప్పదా, పెద్ద గురి పెట్టుకొని సగం కొట్టింది గొప్పదా?" నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆయన జవాబు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. "ఆలోచన చెయ్," అని పెట్టేసేవారు.

రిటైరు కావడానికి కొంచెం ముందు, శామీర్‌పేట రోడ్డు మీద అడ్డమొచ్చిన బర్రెను తప్పించబోయి సారు బండి మీంచి పడ్డారు. ప్రాణం దక్కింది. వెన్నుపూస దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఆస్పత్రినుంచి ఆయన్ను గాజులరామారంలో కొడుకు కొనుక్కున్న ఇంటికి తీసుకుపోయారు. మూడో అంతస్తు. బిల్డరు లిఫ్టు కోసం గుంత వదిలాడుగానీ లిఫ్టు పెట్టలేదు. ప్రతి అంతస్తులోనూ ఆ గుంతకు ఒక రేకు అడ్డం కట్టి ఉండేది.

మంచం పక్కన ఒక కిటికీ. అందులోంచి చూస్తే ఎదుటి బిల్డింగు గోడ, దాని మీద నీళ్ళ పైపులు. గోడ పై అంచుకూ కిటికీ చువ్వకూ మధ్య అరచేయంత ఆకాశం. ఊరూరా ఆకాశం చూపించిన మనిషికి అంతే మిగిలింది.

నేను నెలకోసారి పోయేదాన్ని. మొదట్లో వీధులన్నీ అడిగేవారు. మేడ్చల్ బస్టాండు ఎట్లుంది, ఫలానా చాయ్ హోటలు ఉందా, చెరువు నిండిందా. తర్వాత అడగడం మానేశారు. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలిచేవాళ్ళం. అమ్మ వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పేది. "రోజంత గోడనే చూస్తడు బిడ్డా. మాట్లాడియ్యబోతే కసురుతడు."

ఆయనకు ధైర్యం చెబుదామని ఒకరోజు నేను ఆ అంగారకుడి బండి సంగతి ఎత్తాను. రెండు బండ్లలో ఒకటి కొన్నేళ్ళకు మెత్తటి మన్నులో కూరుకుపోయింది. ఇక కదలదని తెలిశాక, ఉన్నచోటునుంచే పరీక్షలు చెయ్యమని దానికి కొత్త పని ఇచ్చారు. "మీరే చెప్పిండ్రు గద సార్, ఇరుక్కున్నంక గూడ అది పని జేసిందని."

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు. అటే చూస్తూ అన్నారు.

"దాని గురి మార్చిందెవరు? దూరంగ చల్లటి రూములల్ల కూసున్నోళ్ళు. దాన్నెవరన్న అడిగిన్రా? అది యంత్రం బిడ్డా. దానికి వీపు మండదు. పక్కింట్ల పెండ్లి బాజా ఇనవడితే దానికి పోవాలనిపియ్యదు. ఇంకోసారి ఆ ముచ్చట నాకు చెప్పకు."

 బస్సులో మేడ్చల్ దాకా ఆ మాటే చెవిలో తిరిగింది.

మూడో చంద్రయాన్ దిగే రోజు వచ్చింది. బళ్ళలో తెరలు కట్టి పిల్లలకు చూపిస్తున్నారు. మా బడి హెడ్మాస్టరు మేడం సారును రమ్మని ఫోన్ చేశారు. "నేను పోత," అన్నారు సారు. కొడుకు వద్దన్నాడు, అమ్మ భయపడింది. యాదగిరి ఇప్పుడు ప్లాట్ల వ్యాపారంలో ఉన్నాడు, వాడికి పెద్ద కారుంది. "నేను తీస్కపోత అమ్మా, నాది పూచీ. గంటల బడిల ఉంటడు సారు," అన్నాడు. అమ్మ సారుకు ఇస్త్రీ చొక్కా తొడిగింది. ఆయన జేబు తడుముకొని, "చాక్‌పీసు లేదేందే?" అన్నారు. ఆయన నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో!

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాళ్ళతో కట్టి, యాదగిరీ వాడు తెచ్చిన ఇద్దరు మనుషులూ ఎత్తుకున్నారు. నేను కాళ్ళు పట్టుకున్నాను. మూడో అంతస్తు దాటాం, రెండోది దాటాం. అక్కడినుంచి కిందికి తిరిగే మలుపులో ఎవరో కొత్తగా ఇనుప గ్రిల్లు పెట్టించారు. కుర్చీ తిప్పబోతే దాని చెయ్యి గ్రిల్లుకు పట్టేసింది. అదే సమయంలో సారు కాలు నా చేతిలోంచి జారి మెట్ల చువ్వల మధ్య మోకాలిదాకా దిగిపోయింది. పైకి లాగితే మోకాలు బిగుస్తోంది. కిందికి నెడితే తొడ ఒత్తుకుంటోంది.

"నొస్తుందా సార్?" అన్నాడు యాదగిరి, చెమటలు కక్కుతూ.

"నొస్తే చెప్పకపోదునారా? తెలుస్తలేదు. గదే కష్టం," అన్నారు సారు.

ఎముక విరిగినా ఆయనకు తెలియదు, మాకూ తెలియదు. అందుకే ఎవరం బలం వాడలేకపోయాం. పైన అమ్మ ఏడుపు. చువ్వ కోయడానికి వెల్డింగు మనిషిని పిలవడానికి యాదగిరి పరుగెత్తాడు. రెండో అంతస్తులో ఉండే ఆమె నీళ్ళు తెచ్చింది. అన్నేళ్ళుగా తన తల మీది అంతస్తులో ఒక పంతులు ఉన్నాడని ఆమెకు తెలియదు. పిల్లలు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. కిందినుంచి యాదగిరి అరుపు వినిపించింది. "సార్! వెల్డింగాయన టీవీ ముందునుంచి లేస్తలేడు. అది దిగినంకనే వస్తడంట!"

సారు ఒక్కసారి పగలబడి నవ్వారు. కుర్చీ ఊగితే అందరం భయపడి పట్టుకున్నాం. "కరెక్టే అన్నడు. నువ్వు గూడ పైకి రా. ఫోన్ పెట్టుండ్రి, మనం గూడ చూద్దాం."

రెండో అంతస్తు ఆమె తన ఫోన్‌ను సారు కళ్ళ ముందు పట్టుకొని నిలబడింది. ఆ ఇరుకు మలుపులో మెట్ల నిండా మనుషులు. "అంకుల్, పోయినసారి పడిపోయింది గద?" అని ఒక పిల్ల అడిగింది.

"దిగే బండి పడిపోయింది," అన్నారు సారు. "గాని దాంతోని పోయింది ఇంకోటి చంద్రుని చుట్టు ఇంకా తిరుగుతనే ఉన్నది. ఇప్పుడు దిగేదానికి మాట సాయం జేస్తాంది. పోయినసారి ఏమనుకొని పోయినం? దిగుదామని, చుట్టు తిరిగి చూద్దామని. ఒకటి కాలే, ఒకటైంది. రెండు గుర్తు పెట్టుకో." ఆ గొంతు బెంచీల మధ్య తిరిగిన రోజుల్లోది. నేను మెట్టు మీద కూలబడి విన్నాను.

అది దిగింది. మెట్లన్నీ చప్పట్లతో మోగాయి. యాదగిరి ఈలవేశాడు. సారు రెండు చేతులతో కటకటాలు పట్టుకొని కళ్ళు మూసుకున్నారు. చెంపలు తడిసిపోయాయి. "ఇప్పుడు బడిల పిల్లలు ఎగురుతుంటరు," అన్నారు మెల్లగా. పక్కనున్న నాకొక్కదానికే వినపడింది.

వెల్డింగు మనిషి వచ్చి, కాలి మీద తడి గోనెసంచి కప్పి, చువ్వ కోశాడు. అప్పటికి కొడుకు పరుగెత్తుకొచ్చాడు. తండ్రి కాలు తడిమి చూశాడు. "ఇగ చాలు బాపూ. పైకి పోదాం." సారు కిందికి పోయే మెట్లవైపు ఒకసారి చూశారు. ఇంకా దాటాల్సింది ఒకటో అంతస్తొక్కటే.  దుప్పట్లో వేసి పైకి తీసుకుపోయాం.

మోకాలు వాచి చాలా రోజులు తగ్గలేదు. ఎముకలు పెళుసయ్యాయని, ఇట్లాంటి సాహసాలు మళ్ళీ వద్దని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత సారు కిందికి దిగలేదు.

కానీ మెట్ల మీద పాఠం విన్న పిల్లలు సాయంత్రాలు పైకి రావడం మొదలుపెట్టారు. అమ్మ మళ్ళీ బఠానీలు తెప్పించింది. మంచం ఎదుటి గోడ మీద సుద్దతో గీత గీసి రెండు గడులు చేశారు. వాయేజర్ అంతరిక్ష నౌక ఎంత దూరం పోయిందో చెబుతూ సారు అన్నం తినడం కూడా మరిచిపోయేవారు. ఇంత సందడి చూసి నాకు మనసు తేలికైంది. ఒకరోజు అన్నాను. "ఆ రోజు బడికి పోకపోయినా మంచిదే అయింది సార్. గీ పిల్లలు దొరికిన్రు."

ఈసారి కసరలేదు. నా చెయ్యి పట్టుకున్నారు. "దొరికిన్రు. మస్తు సంతోషం. రెండో గడిల రాస్త. గాని బిడ్డా, నేను బయలుదేరింది బడికి. పోలేకపోయిన. అది తుడ్సకు. నాకు ఇప్పటికీ కిందికి పోవాలనే ఉన్నది. ఈ రూముల నాకు ఊపిరాడుతలేదు. పిల్లలు వచ్చినప్పుడు మర్చిపోత, పోంగనే మళ్ళ గోడ."

అందరూ సర్దుకుపొమ్మనే చెబుతారు. సర్దుకోలేదని నిజం చెప్పి, అయినా పిల్లలు వస్తే మళ్ళీ చాక్‌పీసు పట్టిన మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను. నా కష్టాల్లో నాకు పనికొచ్చింది ఆ నిజమే.

ఫోన్ వచ్చిన రోజు నేను పోయేసరికి గ్రిల్లు పీకేసి ఉంది. యాదగిరీ ఆ బిల్డింగు మగవాళ్ళూ సారును కిందికి తెచ్చి, గల్లీలో నులకమంచం మీద పడుకోబెట్టారు. టెంటు వాళ్ళు బొంగులు దించుతున్నారు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"టెంటొద్దు. ఏండ్లయింది ఆయనకు ఎండ తగలక. జరసేపు తగలనియ్యుండ్రి."

 టెంటు వాళ్ళు బొంగులు పక్కన పెట్టారు. ఇరుకు గల్లీ, రెండువైపులా ఎత్తయిన ఇళ్ళు, మధ్యలో ఎండ ఒక పట్టీలా పడుతోంది. శ్మశానం బండి కోసం ఎదురుచూస్తున్నాం. కాసేపటికి ఇంటి నీడ జరిగి సారు పాదాల మీదికి వచ్చింది. అమ్మ యాదగిరివైపు చూసింది. నలుగురు మంచం ఎత్తి ఎండలోకి జరిపారు. నీడ మళ్ళీ వచ్చింది. మళ్ళీ జరిపారు. పక్కింటి గేటు ముందుకు, ఆ తర్వాత కిరాణా కొట్టు ముందుకు. జరిపినప్పుడల్లా వచ్చినవాళ్ళందరం ఆ మంచం వెంట ఒక్కో అడుగు వేస్తూ పోయాం.